ఉయ్యాల గుడ్డ బరువు

ఎర్ర జాబితాలో నాలుగు వందల పదిహేడు అంకె మూడో నెల కూడా కనిపించేసరికి ఆమెకు కాళ్ల కింద నేల కాస్త పక్కకు జరిగినట్టయింది. ఆ అంకె ఎవరిదో ఆఫీసులో ఇంకెవరికీ పట్టలేదు. ఆమెకు తెలుసు. అది పదకొండు నెలల కిందట తను కన్న పిల్లది.

పిల్లల ఎదుగుదల లెక్కలు చూసే ఆఫీసది. ఊళ్లో పన్నెండు చోట్ల నెలకోసారి పసిపిల్లల్ని తూస్తారు. దూలానికో కొక్కెం, కొక్కేనికి ముల్లున్న గుండ్రటి తూకం, దానికింద గుడ్డ ఉయ్యాల. పిల్లను అందులో కూర్చోబెడితే ముల్లు గిర్రున తిరిగి ఒకచోట ఆగుతుంది. ఆగిన అంకెను చీటీ మీద రాస్తారు. ఆ చీటీలన్నీ ఆఫీసుకు వస్తాయి. తూర్పు వైపు నాలుగు చోట్ల చీటీలు ఈమె కంప్యూటర్లో కొడుతుంది. మిగతా ఎనిమిది చోట్లవి పెద్ద టైపిస్టు కొడుతుంది. వాటిని మింగి కంప్యూటర్ ఒక జాబితా ఇస్తుంది. వయసుకు తగ్గ బరువున్న పిల్లల అంకెలు నల్లగా, లేనివాళ్లవి ఎర్రగా.

ఇంతవరకు ఎర్ర అంకె పడితే బలానికని ఒక పొడి డబ్బా ఇచ్చి పంపేవాళ్లు. ఈసారి అలా కాదు. వరసగా మూడు నెలలు ఎర్రగా ఉన్న పిల్లల్ని శుక్రవారం పెద్దాసుపత్రిలో చేర్చుకుంటామని ఉత్తరం వచ్చింది. పది రోజులు ఉంచుతారట. నెత్తురు తీస్తారట, ముక్కులోంచి గొట్టం వేస్తారట. తల్లులు పొద్దునొక గంట, సాయంత్రమొక గంట చూసి రావచ్చట. ఆ 'అట'లన్నీ చదివినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇంట్లో అత్తగారిది ఇంకో వరస. ఆవిడ చెడ్డమనిషి కాదు, నోరే ఆవిడ మాట వినదు.

"ఇది పాలు తాగిన పిల్లలా లేదమ్మాయ్, పాలు చూసిన పిల్లలా ఉంది. నీ మొగుడు ఈ వయసులో ఎత్తుకుంటే నడుం పట్టేసేది."

"నేను పెడుతూనే ఉన్నాను కదా అత్తయ్యా. పొద్దున గుడ్డు మొత్తం తింది."

"తిన్నది ఎక్కడికి పోతోందో మరి. నిప్పులో పోసిన నెయ్యిలా ఉంది."

పిల్ల మాత్రం ఇద్దరి మొహాలూ చూసి నవ్వేది, నాలుగు కాళ్ల మీద వంటింటి గడప దాటిపోయేది. ఆ చురుకు చూసి ఒక్క నిమిషం ధైర్యం వచ్చేది ఆమెకు. స్నానం చేయించేటప్పుడు పక్కటెముకలు వేళ్లకు తగలగానే ఆ ధైర్యం నీళ్లతోపాటు పోయేది. చదువా, తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. డాక్టర్లు రాసిన కాగితాన్ని కాదనేంత జ్ఞానం తనకెక్కడిది?

చదువు ఎందుకాగిందంటే, తండ్రికి కూరగాయల కొట్టుండేది. ఆయన మంచాన పడ్డ ఏడాది ఈమె బడి సంచి గోడకు తగిలించి తూకం దగ్గర కూర్చుంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఏడేళ్లు కూర్చుంది. రైతు గంపతో సహా తూకానికి పెడితే, గంప వంక ఒక చూపు చూసి "పావు తక్కువ రెండు కిలోలు గంప" అనేది. తీసి చూస్తే అంతే ఉండేది. తండ్రి ఆమెను 'మా తక్కెడ' అని పిలిచేవాడు. పెళ్లయి, బిడ్డ పుట్టి, నాలుగో నెలలో ఈ టైపు పనిలో చేరేదాకా ఆమె చేసిన ఉద్యోగం అదొక్కటే.

*

ఎర్ర జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేర్ అంతకు నెల ముందే మారింది. మార్పు ఊరికే జరగలేదు, ఆఫీసు రెండుగా చీలింది. రెండంటే ఇద్దరు మనుషులే అనుకోండి.

ఒకరు లెక్కల పెద్దాయన. మూడు దశాంశాల దాకా చూడనిదే దేనిమీదా సంతకం పెట్టరని ఆయనకు దశాంశం సారని పేరు. ఆయనది పాత సాఫ్ట్‌వేర్. కంపెనీ దగ్గర కొన్నది. ఆయన గదిలోని ఒక్క కంప్యూటర్లోనే ఉండేది, అదీ వెనకాల తాళంచెవి లాంటి చిన్న ముక్క గుచ్చితేనే పలికేది. బొమ్మ మీద నొక్కితే జాబితా వచ్చేది. లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ ఉండేది కాదు. ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరుండేది.

రెండో మనిషి కొత్తగా చేరిన అమ్మాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కిచకిచమంటూనే ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. పాతదాని గడువు తీరిపోయి కంపెనీవాళ్లు మళ్లీ డబ్బు కట్టమన్నప్పుడు, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుందని, లెక్కలన్నీ దాంతో చేయొచ్చని ఈ పిచ్చుకే చెప్పింది.

"ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మనమ్మా," అన్నారు దశాంశం సారు. "ఊరికే వచ్చేది జలుబొక్కటే."

"జలుబు కూడా ఒకరికొకరు పంచుకుంటేనే వస్తుంది సార్. ఇదీ అంతే."

"అది ఊరుమ్మడి బావి. తోడుకోవడానికి అందరూ వస్తారు. పూడిక తీయడానికెవడొస్తాడు?"

"వచ్చేవాళ్లు వస్తారు. ఎవరూ రాకపోతే మనమే దిగొచ్చు. మీ బావికి మూత, మూతకి తాళం, తాళంచెవి కంపెనీవాడి నడుముకి."

"ఎలా ఉన్నా ఇన్నేళ్లూ నీళ్లు తియ్యగానే ఉన్నాయి కదమ్మా."

పక్క బల్ల దగ్గర చీటీలు కొడుతూ ఈమె వింటూ ఉండేది. ఎవరు గెలిచినా తనకు ఒకటే. తన పిల్ల అంకె ఏ బావిలోంచి తోడినా ఎర్రగానే వచ్చింది. పాతదాంట్లో రెండు నెలలు ఎరుపు, కొత్తదాంట్లో మూడోది. కొత్తదైనా కాస్త కనికరిస్తుందేమోనని లోలోపల ఆశపడింది. కంప్యూటర్లకు కనికరమేమిటని తననే తిట్టుకుంది.

నిజానికి తూర్పు వైపు నుంచే ఎరుపు ఎక్కువ. ఏడు నెలలుగా అలాగే ఉంది. నలభై ఆరుమంది పిల్లలు. మిగతా ఊరంతా కలిపినా అంతమంది లేరు. ఎందుకిలా అని దశాంశం సారు మూడు పేజీల నివేదిక రాశారు. తూర్పు వైపు నీళ్ల గొట్టాలు మార్చినప్పటి నుంచే ఇది మొదలైందని ఒక పేజీ. చివర ఒక వాక్యం ఉంది: ఆ ప్రాంతపు తల్లులలో శ్రద్ధ లోపించినట్టు తోస్తున్నది. ఆ నివేదిక టైపు చేసింది ఈమే. ఆ వాక్యం కొట్టేటప్పుడు ఒక్కో అక్షరానికీ వేలు మొరాయించింది. తనుండేదీ తూర్పు వైపే.

*

మంగళవారం కొత్త సాఫ్ట్‌వేర్ పడకేసింది. పొద్దున్నే అదేదో అప్‌డేట్ దించుకుంది, అంతే. పిచ్చుక ఏది నొక్కినా తెర నిండా ఎర్ర అక్షరాలు. శుక్రవారం ఆసుపత్రికి పంపాల్సిన పూర్తి జాబితా బుధవారం సాయంత్రానికల్లా ఇవ్వాలి.

దశాంశం సారు టీ కప్పుతో వచ్చి వెనకాల నిలబడ్డారు. ఆ నిలబడడంలోనే సగం మాట ఉంది.

"ఇప్పుడెవరికి ఫోన్ చేస్తావమ్మా?"

"ఫోన్ ఉండదు సార్."

"మరి కంపెనీ?"

"కంపెనీ లేదు."

"ఎవడి మెడ పట్టుకోవాలి మరి?"

"నా మెడే ఉంది సార్ ప్రస్తుతానికి," అంది పిచ్చుక తల తిప్పకుండానే.

ఆ రోజు కిచకిచలు లేవు. పిచ్చుక గోళ్లు కొరుక్కుంటూ, ఇంటర్నెట్లో ఎక్కడెక్కడి మనుషులో ఇలాంటి ప్రశ్నలకు జవాబులు రాసే ఒక చోటు తెరిచి తన కష్టం రాసింది. పావుగంటలో ఒకడు ప్రశ్న ఎలా అడగాలో ముందు నేర్చుకోమని చీవాట్లు పెట్టాడు. పిచ్చుక మొహం చిన్నబోయింది. భోజనం డబ్బా మూత తీసేలోపు ఇంకొకరు రాశారు. అప్‌డేట్‌తో వచ్చిన ఒక ముక్కకు, పాతగా ఉన్న ఇంకో ముక్కకు పడటం లేదని, ఫలానాది మార్చి చూడమని. మార్చింది. ఎర్ర అక్షరాలు పోయాయి.

దశాంశం సారు కళ్లజోడు పైకి తోసి ఆ జవాబు మొత్తం చదివారు.

"ఇతనికి జీతం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు సార్."

"మరెందుకు చెప్తున్నాడు?"

"ఒకప్పుడు ఇతనికీ ఎవరో చెప్పుంటారు."

ఆయన కళ్లజోడు మళ్లీ కిందికి దించారు. "కంపెనీవాడైతే ముందు ఫిర్యాదు నంబరిచ్చి మూడు రోజులు తిప్పుతాడు. కానీ చివరికి మనిషి వచ్చి నిలబడతాడు. ఇతను రేపు పలక్కపోతే?"

"అప్పుడు దిక్కులేదు సార్. ఆ మాట నిజమే," అంది పిచ్చుక. ఆమె మాటల్లో ఈమెకు బాగా నచ్చింది అదే. తన వస్తువని వెనకేసుకురాదు.

*

బుధవారం పొద్దున పిచ్చుక కుర్చీ లాక్కుని ఈమె బల్ల దగ్గరకొచ్చింది.

"అక్కా, నీ కంప్యూటర్లో కూడా ఇది పెట్టేస్తున్నా. దీనికి తాళాలూ గీళాలూ ఉండవు, ఎన్నిట్లోనైనా పెట్టుకోవచ్చు. నువ్వు కొట్టినవి నువ్వే ఒకసారి సరిచూసుకో. నాకు సాయంత్రానికి జాబితా ఇవ్వాలి, ఒక్కదాన్నే అన్నీ చూడలేను."

"నాకవన్నీ రావమ్మా. ఇంగ్లీషు చూస్తేనే నాకు నోట తడారిపోతుంది."

"ఇంగ్లీషు వరస పక్కనల్లా తెలుగులో రాసిపెట్టాను చూడు. రేపు నేను మానేసి వెళ్లిపోయినా, ఎవరైనా చదివితే అర్థం కావాలని. కథ చదివినట్టు పైనుంచి చదువు. అర్థం కానిచోట ఆగి పిలువు."

పిచ్చుక వెళ్లిపోయింది. ఈమె చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. నిజంగానే కథలా ఉంది. 'ఇక్కడ చీటీల ఫైలు తెరుస్తున్నాం.' 'ఇక్కడ పుట్టిన తేదీ నుంచి వయసు నెలల్లోకి మారుస్తున్నాం.' పక్కన ఇంగ్లీషు అక్షరాలు, బాణం గుర్తులు, కుండలీకరణాలు. తెలుగు చదివి ఇంగ్లీషు వంక చూస్తే, ఆ బాణమంటే ఇందులో అది వేయడమని మెల్లగా అందింది. ఏడేళ్లు చిట్టాలూ పద్దులూ చూసిన కళ్లవి, తీసివేత గుర్తును ఏ భాషలో రాసినా పోల్చుకోగలవు.

ముప్పై ఒకటో వరసలో ఆ గుర్తు కనిపించింది. దాని పక్కన సున్నా, చుక్క, ఇరవై ఐదు. ఇంకా పక్కన తెలుగులో: 'ఉయ్యాల గుడ్డ, కొక్కెం కలిపి పావు కిలో. ఆ బరువు ఇక్కడ తీసేస్తున్నాం. పాత సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం.'

మంచి పని, అనుకుంది. గుడ్డ బరువు తీసేయాలి మరి. తీసేయకపోతే అది తూకమే కాదు.

అనుకుని కింది వరసలోకి వెళ్లబోయి ఆగింది.

తీసేస్తోంది తను కదా.

పనిలో చేరిన మొదటి రోజు నుంచి, ఏడు నెలలుగా, చీటీ మీద ఏడున్నర అని ఉంటే ఆమె వేళ్లు ఏడుంపావు అనే కొట్టాయి. ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచనూ లేదు. తొలిసారి పిల్లను తూయించడానికి వెళ్లినప్పుడే ఆ గుడ్డ వంక ఒక చూపు చూసి పావు కిలో అని లెక్క కట్టేసుకుంది. గంప బరువు తీయకుండా పద్దు రాసేవాళ్లుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. చీటీ చూడటం, పావు తీయడం, కొట్టడం మూడూ ఒకటే పనిలా అయిపోయాయి. పెద్ద టైపిస్టుకు తూకం సంగతులు తెలియవు. చీటీలో ఉన్నది ఉన్నట్టు కొడుతుంది. అందుకే ఆవిడ వైపు లెక్క తప్పలేదు.

తను ఒకసారి తీసింది. కంప్యూటర్ ఇంకోసారి తీసింది. తూర్పు వైపు పిల్లలందరి ఒంట్లోంచి, ప్రతి నెలా, పావు కిలో.

నాలుగు వందల పదిహేను దగ్గర నుంచి వరసలు దించింది. పాతదాంట్లో అంకె ఎర్రగా ఉందా నల్లగా ఉందా అన్నదే కనిపించేది. ఇందులో అన్నీ బట్టబయలు. నాలుగు వందల పదిహేడు. తను కొట్టిన బరువు, ఏడు కిలోల యాభై గ్రాములు. కంప్యూటర్ మిగిల్చింది ఆరు కిలోల ఎనిమిది వందలు. ఆ వయసు ఆడపిల్లకు ఎరుపునూ నలుపునూ విడదీసే గీత ఆరు కిలోల తొమ్మిది వందల దగ్గరుంది. చీటీ వెతికి తీసింది. ముల్లు చూపించింది ఏడు కిలోల మూడు వందలు.

అంటే పిల్ల గీతకు కింద లేదు. పైనే ఉంది. మొదటి నుంచీ పైనే ఉంది.

ఆ మాట లోపలికి దిగేసరికి కళ్లు చెమర్చాయి. వెనకే ఇంకో మాట దిగింది. ఇది నీ చేత్తో చేసిందే. తొమ్మిదో తరగతి దాన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఇలాగే ఉంటుందంటారు. రేపటి నుంచి రావద్దంటారు.

చుట్టూ చూసింది. పెద్ద టైపిస్టు చీటీలు కుట్టుకుంటోంది. పిచ్చుక ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె వేలు తనంతట తనే కదిలింది. నాలుగు వందల పదిహేడు దగ్గర ఏడు సున్నా ఐదు చెరిపి ఏడు మూడు సున్నా కొట్టింది. జాబితా మళ్లీ తీసింది. పిల్ల అంకె నల్లబడింది. ఎర్ర వరసలో నాలుగు వందల పదహారు తర్వాత నాలుగు వందల పద్దెనిమిది వచ్చింది. మధ్యలో చీమ దూరేంత ఖాళీ కూడా కనిపించలేదు. ఇంత సుళువు. ఒక్క మనిషికీ తెలియదు. శుక్రవారం పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పని పనిలాగే ఉంటుంది.

ఆ తేలికను అనుభవించేలోపే ఆమె కళ్లు నాలుగు వందల పద్దెనిమిది మీద పడ్డాయి.

ఆ అంకె దర్జీ ఆవిడ కొడుకుది. తూకం దగ్గర వరసలో ఎప్పుడూ ఈమె వెనకే నిలబడుతుంది. పోయిన నెల పొడి డబ్బా చేతిలో పెడితే, అందరూ వింటుండగానే "నా పాలు మంచివి కావంటారా" అని అడిగింది. తూకంవాళ్లు తర్వాత అంకె పిలిచారు. ఈమె ఆ పిల్లాడి చీటీ తీసి చూసింది. దర్జీ ఆవిడ పిల్లాడికి పోయింది కూడా ఆ పావు కిలోనే.

ఈమె ఆ చీటీని కట్టలో పెట్టేసింది. తర్వాత తన పిల్ల అంకె దగ్గర ఏడు మూడు సున్నా చెరిపి మళ్లీ ఏడు సున్నా ఐదు కొట్టింది. ఎర్ర అంకె తిరిగొచ్చింది. చీటీల కట్ట చేతబట్టుకుని లేచి దశాంశం సారు గదికి నడిచింది. తేలు కుట్టిన దొంగ కూడా అంత చప్పుడు లేకుండా నడవడు.

*

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. గంప, కొట్టు, నాన్న, గుడ్డ, ముప్పై ఒకటో వరస అన్నీ కలగాపులగంగా వచ్చేశాయి. పిచ్చుక కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అంతా అయ్యాక దశాంశం సారు అడిగింది ఒకటే.

"తీసేయమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. తీయకుండా రాస్తే అది తూకం కాదు కదా."

"కాదు," అన్నారాయన. "నిజమే, కాదు. తీసేవాళ్లు ఇద్దరయ్యారు. వచ్చిన చిక్కల్లా అదే."

ఆయన చీటీల కట్ట తీసుకుని తనకు తోచినచోట పది చీటీలు లాగారు. పిచ్చుక తెర మీద ఒక్కోటీ చదివింది, ఆయన చీటీ మీద ఒక్కోటీ చదివారు. పదికి పది. ప్రతి చోటా సరిగ్గా పావు కిలో తేడా. దశాంశాల మనిషికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఊరుకోలేదు. మూలనున్న పాత తూకాన్ని కిటికీ చువ్వకు కట్టించి ఖాళీ గుడ్డను తగిలించారు. ముల్లు పావు దగ్గర ఆగింది.

"చూపుతో చెప్పావా ఇది?" అన్నారు ఈమె వంక తిరిగి.

"అలవాటు సార్."

పిచ్చుక ఫక్కున నవ్వబోయి ఆపుకుంది.

"మూడు పేజీలు రాశానమ్మా నేను," అన్నారు సారు కుర్చీలో కూలబడుతూ. "నీళ్ల గొట్టాలట. తల్లుల శ్రద్ధట. శ్రద్ధ ఎక్కువైతే ఇలా ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు." తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఆ పాతది మంచిదేనమ్మాయ్. మనమిచ్చిన తప్పును నోరుమూసుకుని మింగింది, అంతే," అన్నారు పిచ్చుకతో.

"ఇదీ మింగింది సార్. పైగా గుడ్డ బరువు గురించి మిమ్మల్నడక్కుండా కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించింది నేనే. కాకపోతే దీన్ని నోరు తెరవమంటే తెరుస్తుంది."

"తెరిచినా చూసే కళ్లుండాలి కదా," అన్నారాయన.

ఈమె ఇంకా నిలబడే ఉంది. "సార్, నా పని..."

"నీ పని మధ్యాహ్నానికల్లా తూర్పు చీటీలన్నీ మళ్లీ కొట్టడం. ఉన్నది ఉన్నట్టు. ఏడు నెలలవీ తర్వాత చూద్దాం, ముందు ఈ మూడు నెలలవి కానీ. ఇంకేం పని అనుకున్నావు?"

*

ఆమె కొడుతుంటే పిచ్చుక పక్కన కూర్చుని చదివింది. పెద్ద టైపిస్టు కూడా తన పని పక్కనబెట్టి ఒక కట్ట అందుకుంది. ప్రతి చీటీకీ ఆమె వేలు పావు తక్కువ దగ్గరికే పరుగెత్తేది. పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చేది. మూడు గంటలకు జాబితా మళ్లీ తీశారు. తూర్పు వైపు నలభై ఆరు ఎర్ర అంకెలకు తొమ్మిది మిగిలాయి.

తొమ్మిది. నిజంగా గీతకు కిందున్నవాళ్లు. మిగతా ముప్పై ఏడూ నల్లగా, నిమ్మళంగా ఉన్నాయి. వాటిల్లో నాలుగు వందల పదిహేడు ఒకటి.

"కంప్యూటర్ చెప్పింది సరే," అన్నారు దశాంశం సారు. "ఇందాకటిదాకా అది ఇంకోటి చెప్పింది కదా. ఇల్లు దగ్గరేనా? పిల్లను తీసుకురమ్మను."

ఫోన్ చేస్తే అత్తగారు కంగారుపడుతూనే పిల్లను చంకనేసుకుని వచ్చింది. కిటికీకి వేలాడుతున్న తూకాన్ని, దాని చుట్టూ నిలబడ్డ నలుగురినీ చూసి, "శుక్రవారమన్నారు, ఇవాళే పట్టుకుపోతారా?" అంది పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ.

"ఎవరూ పట్టుకుపోరు అత్తయ్యా. ఇలా ఇవ్వండి."

పిల్లను గుడ్డలో కూర్చోబెట్టింది. పిల్ల రెండు కాళ్లూ ఝాడించి, ముల్లు వంక వేలు చూపించి ఏదో అంది. ముల్లు ఊగి ఊగి ఏడు కిలోల నాలుగు వందల దగ్గర ఆగింది. గుడ్డ తీసేస్తే ఏడు కిలోల నూటయాభై. ఈసారి తీసివేత అందరూ కలిసి చేశారు, ఒక్కసారే.

"సన్నమే," అన్నారు దశాంశం సారు. "సన్నంగా ఉండటం జబ్బు కాదు. నేనూ సన్నమే."

అత్తగారికి సంగతి విడమరిచి చెప్పేసరికి పావుగంట పట్టింది. అంతా విని కోడలి వంక, తూకం వంక, మళ్లీ కోడలి వంక చూసింది.

"అంటే దీని పావు కిలో నువ్వే తిన్నావన్నమాట."

"అవును అత్తయ్యా."

"నేను మూడు నెలలుగా నీ పాలు చాలవన్నాను," అంది. పిల్ల కాలికున్న మేజోడు సవరించింది. "ఇంటికి రా. ఇవాళ వంట నేను చేస్తాలే. నువ్వూ ఏమీ తినడంలేదు నాలుగు రోజులుగా, చూస్తూనే ఉన్నా."

పిల్లను భుజాన వేసుకుని ఆవిడ మెట్లు దిగుతుంటే, ఈమె పైనుంచి చూస్తూ ఉంది. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నిద్ర వచ్చినట్టుంది, ఆకలి వేసినట్టుంది. ఆకలి వేసి ఎన్నాళ్లయిందో.

లోపలికొచ్చేసరికి పిచ్చుక ముప్పై ఒకటో వరస పక్కన ఇంకో మాట రాస్తోంది: 'గుడ్డ బరువు ఇక్కడ మాత్రమే తీయాలి. చీటీ కొట్టేవాళ్లు తీయకూడదు.' కిందే ఇంకో నాలుగు వరసలు కొత్తగా చేర్చింది. ఒక వైపు పిల్లలు మాత్రమే ఉన్నట్టుండి తగ్గిపోతే లెక్క ఆపి మనిషిని పిలవమని. "దీన్ని ఆ జవాబులిచ్చే చోట పెడతానక్కా," అంది. "ఎక్కడో ఎవరో ఇలాగే గుడ్డలో తూస్తూ ఉంటారు కదా. పనికొస్తుంది."

"నా సంగతి రాయకు."

"నీ సంగతి కాదు, గంప సంగతి రాస్తా."

దశాంశం సారు రెండు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఒకదాంట్లో ముప్పై ఏడు ఫోన్ నంబర్లు, రెండోదాంట్లో తొమ్మిది.

"ఆసుపత్రికి రానక్కర్లేదని వీళ్లకు ఇవాళే చెప్పాలి. సంచులు సర్దుకుంటూ ఉంటారు పాపం. ఈ తొమ్మిదీ నేను చేస్తాను, అవి నీవల్ల కావు. ఆ ముప్పై ఏడూ..."

"నేను చేస్తాను సార్," అంది ఆమె.

మొదటి నంబరు ఆమె వరసలో వెతికి తీసింది. నాలుగు వందల పద్దెనిమిది. రెండు రింగులకే ఎత్తారు. వెనకాల కుట్టుమిషను చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"పిల్లల లెక్కల ఆఫీసు నుంచండి. తూకం వరసలో మీ ముందుంటాను చూడండి, నేనే. శుక్రవారం మీరు బాబును తీసుకురానక్కర్లేదు. లెక్కలో తప్పు జరిగింది. నేనే, నా చేత్తో చేశాను, గుడ్డ బరువు రెండుసార్లు పోయింది. బాబు బరువు సరిపోయింది. పోయిన నెలా సరిపోయింది, అంతకుముందు నెలా సరిపోయింది."

తిడుతుందేమోనని ఆమె ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుంది.

"అంటే నా పాలు..." అంది దర్జీ ఆవిడ.

"చాలాయండి. అన్ని నెలలూ చాలాయి."

అవతల ఫోను ఎక్కడో కింద పెట్టిన చప్పుడైంది. దూరంగా ఆవిడ ఎవరినో పిలిచి చెబుతున్న గొంతు, మధ్యలో నవ్వు, ముక్కు చీదుకోవడం. ఈమె ఫోను పెట్టేయకుండా అవన్నీ వింటూ, రెండో నంబరు మీద వేలు పెట్టుకుని కూర్చుంది.